పోటు తగ్గేలోగా

నూనె రంగు మారింది.

డ్రైవర్ డిప్‌స్టిక్‌ని గుడ్డతో తుడిచి మళ్లీ దించాడు. తీశాడు. టార్చి కొట్టి చూశాడు. నల్లగా జారాల్సిన ఇంజన్ ఆయిల్, పాలు ఎక్కువైన టీలా చిక్కగా, నురగతో పుల్ల చివర వేలాడుతోంది. మరపడవల మీద పెరిగినవాడికి ఆ రంగు చూస్తే కడుపులో తిప్పుతుంది. నూనెలోకి నీళ్లు దిగుతున్నాయి. ఏప్రిల్ రెండో వారం, నడిరాత్రి. విశాఖ రేవు ఇంకా ఒక పగలంత దూరం.

"ఏటి బావా?" పైనుంచి కలాసీ అడిగాడు.

"ఏటీ లేదు. నువ్వు పడుకో."

ఎవరూ పడుకోలేదు. ఇంజన్ చప్పుడు తగ్గిందంటే పడవలో అందరికీ మెలకువ వస్తుంది. ఆ రాత్రంతా అతను ఒక చెయ్యి చుక్కాని మీద వేసి, చూపు ఆయిల్ ప్రెషర్ ముల్లు మీద పెట్టి, గంటకోసారి కిందికి దిగి పుల్ల తీసి చూసి, మళ్లీ పైకొచ్చి, బీడీ వెలిగించబోయి జేబులో పెట్టేసి, ఐసుగదిలోని రొయ్యలూ కోనెమూ, ఓనరు తెచ్చిన అప్పూ, తనతోపాటు కలాసీల వాటాలూ అన్నీ ఆ ముల్లు మీదే ఆధారపడి ఉన్నాయని లెక్క వేసుకుంటూ పడవను మెల్లగా తీరంవైపు నడిపించాడు. మర్నాడు సాయంత్రానికి డాల్ఫిన్ నోస్ కొండ కనిపించింది. ముల్లు ఇంకా దిగుతూనే ఉంది.

జెట్టీ మీద తాడు పడింది. అతను ఇంజన్ ఆపాడు. తాళం తీసి ఓనరు చేతిలో పెట్టాడు.

"మళ్లీ స్టార్ట్ చెయ్యకండి. తియ్యాల."

"తియ్యడమంటే? హెడ్డా?"

"మొత్తం. పైకి."

ఓనరు పడవవైపు చూశాడు. యాభై అడుగుల చెక్క పడవ. కట్టినప్పుడు ముందు ఇంజన్‌ని అడుగున కూర్చోబెట్టి, ఆ తర్వాత దాని నెత్తిన వీల్‌హౌస్ కట్టేశారు. లోపలికి వెళ్లిన దారి ఇప్పుడు లేదు.

ఈ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఒకప్పుడు నెలన్నర ఉండేది. 2015 నుంచి 61 రోజులు చేశారు. వలలు ఒడ్డుకు చేరతాయి, కలాసీలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు వెళ్లిపోతారు. రేవులో మాత్రం సుత్తి దెబ్బలు మొదలవుతాయి. చెక్కల సందుల్లో నూలు కూరేవాళ్లు, రంగులేసేవాళ్లు, వెల్డర్లు, మెకానిక్కులు అందరికీ ఇవే రోజులు. పడవలోంచి ఇంజన్ తీసి షాపుకి పంపడం, విప్పడం, మళ్లీ దించడం, పడవను నడిపే ఫ్యాను షాఫ్టుతో సరిపెట్టడం, అన్నీ ఈ రెండు నెలల్లోనే అయిపోవాలి. మెకానిక్కులు తక్కువ, ఇంజన్లు ఎక్కువ. ఈ పడవ వంతు వచ్చేసరికి మే నెల పడింది. అప్పుడు కూడా మేస్త్రి ఒకే ఒక పూట ఇచ్చాడు.

ఆ పూట అమావాస్య వెళ్లిన మర్నాడు.

పొద్దున ఐదున్నరకే గాలి ఉక్కగా ఉంది. ఎండుచేప, డీజిల్, తడి తాడు వాసన కలిసి జెట్టీ అంతా పరుచుకుంది. పడవలు ఒకదాని పక్కన ఒకటి భుజాలు రాసుకుంటూ నిలబడ్డాయి. మేస్త్రి చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. వెంట పద్దెనిమిదేళ్ల గుంటడు, చేతిలో పానాల సంచి.

"పోటు ఎన్నింటికి?"

"పదికి నిండుద్ది," అన్నాడు డ్రైవర్.

"హైడ్రా క్రేను?"

"తొమ్మిదిన్నరకొస్తాడు. పదిన్నరకి ఇంకో చోట పనుందంట."

మేస్త్రి తల ఊపాడు. విశాఖలో అమావాస్య, పున్నమి రోజుల్లో పోటుకీ పాటుకీ నీళ్లు మీటరున్నర దాకా తేడా పడతాయి. నిండు పోటులో పడవ అంచు జెట్టీకి దగ్గరగా లేస్తుంది, క్రేను చెయ్యి వీల్‌హౌస్ మీదుగా లోపలికి చాపొచ్చు. పాటు మొదలైతే పడవ కిందికి దిగిపోతుంది. క్రేను చెయ్యి వంచాలి. వంచితే బరువు ఓపదు. ఇంజనేమో టన్నుకు అటూ ఇటూ. చేతిలో ఉన్నది నాలుగున్నర గంటలు.

వీల్‌హౌస్ నేల పలకలు లేచాయి. ముందు వైపు గోడ పలకలు కూడా విప్పేశారు. చుక్కాని చక్రం ఒక పక్కకి జరిగింది. గంగమ్మ తల్లి పటాన్ని డ్రైవర్ తనే తీసి, పసుపు గుడ్డలో చుట్టి, పక్క పడవలో పెట్టాడు. నేల తెరిచిన చోట కింద ఇంజన్ కనబడింది. ఆరు సిలిండర్లు, పైన తుప్పు, పక్కన నూనె మరకలు. లోపల నిలబడటానికి చోటు లేదు. గుంటడు బోర్లా పడుకుని దిగాడు.

మొదట బ్యాటరీ వైర్లు. తర్వాత డీజిల్ పైపులు, మూతులకు రబ్బరు బిరడాలు. ఆయిల్ డబ్బాలోకి దించారు. తెల్లటి నురగ దిగింది, ఆగింది, మళ్లీ దిగింది. ప్రతి వైరుకీ గుంటడు గుడ్డ పీలిక కట్టి, బాల్‌పెన్నుతో నంబరు రాశాడు. ఇంజన్ కాళ్ల కింద ఉన్న ఇనుప రేకులు ఏ కాలివి ఆ కాలికే విడివిడిగా తీగతో కట్టాడు. ఒక్క రేకు తారుమారైతే జూన్‌లో ఫ్యాను షాఫ్టు వణుకుతుంది. వణికిన షాఫ్టు సముద్రం మధ్యలో, నీళ్లు లోపలికి రాకుండా ఆపే గ్లాండుని తినేస్తుంది.

"సముద్రం పైపు ఊడదీ," అన్నాడు మేస్త్రి పైనుంచి.

"వాల్వు కట్టేను గురూగారూ."

"బిగుసుకుందా?"

"బిగుసుకుంది."

పడవ అడుగున ఒక రంధ్రం ఉంటుంది. ఇంజన్ చల్లబడటానికి సముద్రపు నీళ్లు అక్కడినుంచే లోపలికి వస్తాయి. ఆ రంధ్రానికీ పైపుకీ మధ్య ఒక ఇత్తడి వాల్వు, అంతే. గుంటడు క్లిప్పు వదులు చేసి పైపు లాగాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. మరుక్షణం నీళ్లు అతని ముఖం మీద కొట్టాయి.

వాల్వు పిడి తిరిగింది. లోపల పలక తిరగలేదు.

"నీళ్లు! నీళ్లొచ్చేస్తన్నాయి!"

డ్రైవర్ దూకాడు. బోల్టు తలకి మోకాలు చీరుకుంది, చూసుకోలేదు. చల్లటి ఉప్పునీరు గుంటడి ఛాతీ మీదినుంచి పొర్లి ఇంజన్ కిందికి, అక్కడ చేరిన నూనె మీదికి పారుతోంది, వాడు రెండు అరచేతులూ వేసి అదుముతున్నాడు, వేళ్ల సందుల్లోంచి అది ఇంకా బలంగా చిమ్ముతోంది, మేస్త్రి పైన పానాల సంచి కుమ్మరించి దేనికోసమో వెతుకుతున్నాడు, పక్క పడవల కలాసీలు కేకలు వేస్తూ బక్కెట్లు అందిస్తున్నారు. "కొయ్య బిరడా!" అని అరిచాడు డ్రైవర్. పడవలో ఎప్పుడూ ఉండాల్సిన వస్తువు. చుక్కాని కింద పెట్టెలో ఉంటుంది. పెట్టె తెల్లవారుజామునే పక్క పడవలోకి మార్చారు.

పెట్టె రావడానికి నిమిషం పట్టింది. నీళ్లు డ్రైవర్ మోకాళ్లు దాటాయి.

అతను కొయ్య బిరడాకి గోనె పీలిక చుట్టి రంధ్రంలో పెట్టి సుత్తితో కొట్టాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకి చిమ్మడం ఆగి కారడం మొదలైంది. ఐదో దెబ్బకి అదీ ఆగింది. గుంటడు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. మేస్త్రి గడియారం చూసుకున్నాడు. ఎనిమిదీ పది. పంపు పెట్టి నీళ్లు తోడేసరికి ఎనిమిదీ నలభై.

ఇక మిగిలింది కప్లింగ్. గేర్‌బాక్సునీ ఫ్యాను షాఫ్టునీ కలిపే రెండు పళ్లేలు, వాటిని బిగించే ఆరు బోల్టులు. నాలుగు వదిలాయి. ఐదోది పానాకి పొడుగు పైపు తొడిగి ఇద్దరు వేలాడితే వదిలింది. ఆరోది అడుగు వైపు ఉంది. ఏళ్ల తరబడి ఉప్పునీటిలో నానిన నట్టు. పానా వేస్తే అంచులు అరిగిపోయి గుండ్రంగా తిరిగింది. పట్టే దొరకలేదు.

"గ్యాస్ కట్టర్ తెప్పించండి," అన్నాడు మేస్త్రి ఓనరుతో. "రెండు నిమిషాల పని."

రెండు పడవల అవతల వెల్డరు ఉన్నాడు. సిలిండరు తోపుడు బండి మీద రెడీగా ఉంది. ఓనరు చెయ్యి ఎత్తి పిలవబోయాడు.

"వద్దు."

డ్రైవర్ కింది నుంచే అన్నాడు. గట్టిగా అనలేదు. అయినా అందరూ ఆగిపోయారు.

2023 నవంబర్ 19, ఆదివారం. అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ జరిగిన రోజు. ఇండియా ఓడిపోయింది. ఊరంతా ఆ దిగులులోనే పడుకోబోతున్న వేళ, రాత్రి పదకొండు దాటాక, ఇదే ఫిషింగ్ హార్బర్‌లో ఒక పడవ అంటుకుంది. గాలి వీస్తోంది. పడవకీ పడవకీ తాళ్లు కట్టి ఉన్నాయి. ట్యాంకుల్లో వేటకి పోసిన డీజిల్, వంట కోసం గ్యాస్ సిలిండర్లు. ఒక్కో సిలిండరు పేలినప్పుడల్లా మంట మరో పడవ మీదికి దూకింది. ఒడ్డున నిలబడ్డవాళ్లు తాళ్లు నరికి తమ పడవల్ని దూరంగా తోయబోయారు, వేడికి దగ్గరికి పోలేకపోయారు. తెల్లారేసరికి దాదాపు నలభై పడవలు కాలిపోయాయి. నష్టంలో 80 శాతం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కాలి నీళ్లలో మునిగిన పడవల ఇనుప భాగాలు మాత్రం ఆ తర్వాత చాలా రోజులు జెట్టీ పక్కన కనిపిస్తూనే ఉన్నాయి. ఆ రాత్రి ఈ రేవులో ఉన్నవాళ్లెవరూ నిప్పు గురించి ఎక్కువసేపు వాదించరు.

"డీజిల్ తడిసిన చెక్క ఇది," అన్నాడు డ్రైవర్. "పక్కన ఇన్ని పడవలున్నాయి. కట్టర్ వద్దు."

"పోటు పోద్ది బావా," మేస్త్రి గొంతు పెరిగింది. "ఇయ్యాళ తప్పితే నాకు మళ్లీ పది రోజులకి గానీ ఖాళీ లేదు. జూన్ 14కి నీ పడవ ఇక్కడే ఉంటది. మిగతావాళ్లు ఎలిపోతారు."

ఎవరూ మాట్లాడలేదు. జెట్టీ చివర హారన్ మోగింది. హైడ్రా వచ్చేసింది.

"హాక్సా బ్లేడు ఉందా?" అన్నాడు డ్రైవర్.

మేస్త్రి అతన్ని ఒక్క క్షణం చూశాడు. తర్వాత సంచిలో చెయ్యి పెట్టాడు.

నట్టును అడ్డంగా కోయలేరు, ఫ్రేము పట్టే చోటు లేదు. ఉత్త బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టి, వేళ్లతో పట్టుకుని, నట్టు పక్క ముఖం మీద నిలువుగా గాటు పెట్టాలి. గాటు మర దాకా దిగాక ఉలి పెట్టి కొడితే నట్టు చీలుతుంది. ముందు తడి గోనెసంచులు పరిచారు. ఇసుక బక్కెట్టు ఒకటి డ్రైవర్ వీపు వెనక పెట్టారు. అతను పక్కకి ఒరిగి పడుకున్నాడు. చెంప గేర్‌బాక్సుకి ఆనింది. బ్లేడు కదిలింది.

తొమ్మిదీ ఇరవై. ఒక గీత పడింది.

తొమ్మిదీ ముప్పై ఐదు. బ్లేడు విరిగింది. ఇంకొకటి అందించారు.

పైన హైడ్రా ఆపరేటర్ బండి దిగి వచ్చి తొంగి చూశాడు. ఓనరు అతనికి టీ తెప్పించాడు. అతను టీ తాగుతూ గడియారం చూశాడు. పడవ ఇంకా లేస్తోంది, జెట్టీకి కట్టిన టైర్లు దాని పక్కన కీచుమంటున్నాయి. కింద డ్రైవర్ కుడిచేతి వేళ్లు కొంకర్లు పోయాయి. ఎడమచేతికి మార్చాడు. చెమట కళ్లలోకి దిగుతుంటే గుంటడు గుడ్డతో తుడుస్తున్నాడు. తొమ్మిదీ యాభై ఐదుకి బ్లేడు చప్పుడు మారింది. మర తగిలింది.

"ఉలి."

మేస్త్రి తనే దిగాడు. ఉలి పెట్టాడు. మొదటి దెబ్బకి జారింది. రెండో దెబ్బకి గుచ్చుకుంది. మూడో దెబ్బకి టప్‌మని నట్టు రెండుగా విడిపోయి గోనెసంచి మీద పడింది.

పది గంటలు. నిండు పోటు. ఇంజన్ ఇంకా అడుగునే ఉంది.

వీల్‌హౌస్ గోడల మీద అడ్డంగా రెండు ఇనుప ఐ-బీములు వేశారు. వాటికి చైన్ బ్లాక్ వేలాడింది. గేర్‌బాక్సు వేరు చేసే తీరిక లేదు, రెండూ కలిపే ఎత్తాలి. కొక్కెం పడింది. షాఫ్టు వెనక్కి జరిగి ఫ్యాను చుక్కానిని కొట్టకుండా దానికి తాడు బిగించారు. గొలుసు టకటకమంది. బీము మూలిగింది. ఇంజన్ తన కాళ్ల మీద నుంచి వేలెడు ఎత్తు లేచింది.

ఆగింది.

"ఏటైంది?"

"తెలీదు. గొలుసు బిగుసుకుంది. అది లేవట్లేదు."

"లాగకు! లాగకురా!"

ఇంజన్ ఒక పక్కకి ఒరిగింది. బీము కింద గోడ చెక్క చిట్లిన చప్పుడు. గుంటడి చెయ్యి ఇంజన్ కింద ఉంది. రేకు ఒకటి జారితే తీయబోయాడు.

"చెయ్యి తియ్!"

తీశాడు. డ్రైవర్ పొట్ట మీద పాకుతూ అవతల పక్కకి వెళ్లి టార్చి వేశాడు. ఇంజన్ వెనక, ఎవరికీ కనబడని చోట, ఎర్త్ వైరు. మందమైన రాగి తీగ ఇంజన్‌కీ పడవకీ మధ్య బిగుసుకుపోయి ఉంది. దానికి గుంటడు పీలిక కట్టలేదు. పానా వేసే తీరిక లేదు. కటింగ్ ప్లేయరుతో రెండు చోట్ల కొరికాడు. తీగ తెగింది. ఇంజన్ ఒక్క ఊపు ఊగి నిటారుగా నిలబడింది.

గొలుసు మళ్లీ టకటకమంది.

పది గంటల పదిహేను నిమిషాలకి ఇంజన్ వీల్‌హౌస్ నేల దాటి వెలుగులోకి వచ్చింది. కింద దుంగలు పరిచి, గ్రీజు రాసి, గోడ విప్పిన దారిలోంచి ఆరుగురు దాన్ని డెక్ మీదికి తోశారు. ఇప్పుడు హైడ్రా కొక్కెం. ఆపరేటర్ చెయ్యి చాపాడు. బండి వెనక చక్రాలు ఒత్తిడికి కొంచెం పైకి తేలి, మళ్లీ నేల తాకాయి.

"నాకింత బరువని చెప్పలేదు," అన్నాడు ఆపరేటర్.

"గేర్‌బాక్సు కూడా ఉంది," అన్నాడు మేస్త్రి.

"దింపమంటావా?"

డెక్ అప్పటికే జెట్టీ అంచుకంటే బెత్తెడు కిందికి దిగింది. పాటు మొదలైంది. పదకొండు కాకముందే మే నెల గాలి నైరుతి నుంచి లేస్తుంది. అది అప్పుడే పక్క పడవల జెండాల్ని కదిలిస్తోంది. మేస్త్రి డ్రైవర్ వైపు చూశాడు. డ్రైవర్ ఓనరు వైపు చూడలేదు.

"ఎత్తు."

ఇంజన్ గాల్లోకి లేచింది. పడవ బరువు తగ్గి ఒక్కసారి పైకి ఊగింది. సరిగ్గా అప్పుడే చానెల్‌లో ఏదో పెద్ద పడవ వెళ్లిన అల వచ్చి తాకింది. వేలాడుతున్న ఇంజన్ అటు, పడవ ఇటు. డ్రైవర్, గుంటడు చెరో తాడు పట్టుకుని వెనక్కి వాలారు. కింద పడవకీ జెట్టీకీ మధ్య రెండు అడుగుల సందులో నల్లటి నీళ్లు ఎగిరి పడుతున్నాయి. ఇంజన్ ఆ సందు మీద ఆగింది. ఇంకొంచెం. గాలికి తిరగబోయింది. "ఒగ్గేయ్! నీ తాడు ఒగ్గేయ్ గుంటా!" గుంటడు తాడు వదిలేశాడు. డ్రైవర్ ఒక్కడే లాగాడు. ఇంజన్ తిరిగి సర్దుకుంది, జెట్టీ అంచు దాటింది, దుంగల మీద కూర్చుంది.

హైడ్రా ఆపరేటర్ నుదురు తుడుచుకుని డబ్బులు లెక్కపెట్టుకున్నాడు. పది నలభై.

షాపులో ఇంజన్ విప్పడం మర్నాడు. ముందు ఆయిల్ కూలరు. మేస్త్రి దాన్ని నీళ్ల తొట్టిలో ముంచి గాలి పెట్టాడు. మధ్య గొట్టం నుంచి సన్నటి బుడగలు లేచాయి. నీళ్లు నూనెలోకి దిగిన దారి అదే. దొరికిందని ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు. "కూలరు మారిస్తే అయిపోతుందా?"

మేస్త్రి జవాబు చెప్పలేదు. కింద పళ్లెం విప్పాడు. ఒక్కో కనెక్టింగ్ రాడ్డు మూత తీసి బేరింగు చిప్పలు వరసగా బల్ల మీద పెట్టాడు. వెండి రంగులో ఉండాల్సినవి. మూడు చిప్పల్లో పైపూత పూర్తిగా పోయి రాగి ఎర్రగా తేలింది. నీళ్లు కలిసిన నూనె పొరలా నిలబడదు, లోహం లోహాన్ని తాకుతుంది. డ్రైవర్ క్రాంక్ షాఫ్ట్ మీద గోరు గీశాడు. గోరు చారలో పట్టుకుంది.

"ఆ రాత్రి వేగం తగ్గించకుండా వచ్చుంటే?" ఓనరు అడిగాడు.

"రేవు చూసేవాళ్లు కాదు," అన్నాడు మేస్త్రి. "పట్టేసుండేది. లోపలినుంచి రాడ్డు బయటికొచ్చేది."

డ్రైవర్ ఏమీ అనలేదు. చిప్ప ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, మళ్లీ దాని వరసలోనే పెట్టాడు.

పని ఇంకా సగం కూడా కాలేదు. క్రాంకు గ్రైండింగ్, కొత్త చిప్పలు, కొత్త కూలరు, పడవ అడుగున కొత్త వాల్వు. వాల్వు కోసం పడవని నీళ్లలోంచి ఒడ్డుకి లాగాలి. తర్వాత ఇంజన్ వచ్చిన దారినే లోపలికి దిగాలి. ఆఖరి బిగింపు మాత్రం ఒడ్డు మీద చెయ్యకూడదు, ఒడ్డున కూర్చున్న చెక్క పడవ ఆకారం వేరు, నీళ్లలో తేలే పడవ ఆకారం వేరు. పడవ తేలాక ఒకటి రెండు రోజులు ఆగి, కప్లింగ్ పళ్లేల మధ్య ఫీలర్ గేజి పెట్టి, నాలుగు వైపులా ఒకే సందు వచ్చేదాకా గుంటడు కట్టి దాచిన ఆ రేకులు ఒక్కొక్కటీ మార్చి చూసుకోవాలి. అప్పటికి జూన్ వచ్చేస్తుంది.

"ఎర్త్ వైరు కొత్తది వెయ్యాల," అన్నాడు గుంటడు, ఎవరూ అడక్కుండానే. నంబరు రాసిన పీలిక జేబులోంచి తీసి చూపించాడు.

క్రాంక్ షాఫ్ట్‌ని గోనెసంచిలో చుట్టారు. ముగ్గురు పట్టి ఆటో ఎక్కించారు. డ్రైవర్ దాని పక్కనే కూర్చుని ఒక చెయ్యి దాని మీద వేశాడు.

"బేగి పోనీ," అన్నాడు ఆటోవాడితో. "ఒంటిగంటకి గ్రైండింగ్ షాపు మూసేస్తాడు."